జోహరా మేడ మీద గది

శుక్రవారం పొద్దున హైఫా బస్సు స్టేషనులో నెవో వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికి సఫేద్ చేరాలి. యూదుల విశ్రాంతిదినమైన శబ్బాత్ గడిచేదాకా బుద్ధిమంతుడిలా మసలాలి. శనివారం చీకటి పడ్డాక, మేడ మీద గది నీదేరా అనిపించుకుని బస్సెక్కాలి. గది వాళ్ళ చిన్నమ్మమ్మ జోహరాది. వచ్చే ఏడు నెవో సఫేద్‌లో వైద్యం చదవబోతున్నాడు, ఆ గదికి కళాశాల కూతవేటు దూరం. జోహరా ఫోనులో ఔననలేదు, కాదనలేదు. ముందు ఒక శబ్బాత్‌కు రమ్మంది, స్నేహితులుంటే వాళ్ళనీ తెమ్మంది, మనిషిని చూశాక మాట్లాడుకుందామంది.

చిక్కంతా ఆ చూడడంలోనే ఉంది. జోహరా ఇంట్లో శుక్రవారం పొద్దు వాలింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా దీపం వెయ్యరు, ఆర్పరు, పొయ్యి ముట్టరు. నెవో ఇంట్లో అయితే శబ్బాత్ వచ్చిందీ వెళ్ళిందీ కుక్కకు కూడా తెలియదు. అందుకే భక్తిపరుల ఇంట పుట్టి పెరిగిన స్నేహితురాలు ఒఫ్రీని వెంట పెట్టుకున్నాడు. బస్సు కొండెక్కుతున్నంతసేపూ ఆ పిల్ల పాఠం చెబుతూనే ఉంది.

రెండో స్నేహితుడు జిర్యేస్, గలిలయ పల్లెలో పుట్టిన అరబ్బు క్రైస్తవుడు. అతనికీ అదే కళాశాలలో సీటొచ్చింది, అతనూ గది వెతుక్కుంటున్నాడు. ఫోనులో పేరు చెప్పేదాకా ఖాళీగా ఉన్న గదులు పేరు చెప్పగానే నిండిపోతున్నాయి. ఊరు చూసినట్టూ ఉంటుంది, వెతికినట్టూ ఉంటుందని వచ్చాడు. నెవో అతని నెత్తిన యూదు మగవాళ్ళు పెట్టుకునే చిన్న టోపీ ఒకటి పెట్టి, ఈ రెండు రోజులూ నీ పేరు గెర్షోన్ అన్నాడు.

"జిర్యేస్‌గా వస్తే మీ చిన్నమ్మమ్మ తిడుతుందా?"

"తిట్టదు. నాకు గది ఇవ్వదు."

"ఆవిడనే ఒక మాట అడిగి చూడొచ్చుగా," అంది ఒఫ్రీ. అడిగితే అయిపోయే పనిని అడగకుండా చెయ్యడంలో మగపిల్లలకున్న ఓపిక చదువులో ఉంటే ఎంత బాగుండును.

జోహరా ముగ్గురినీ నవ్వుతూ లోపలికి పిలిచింది. నెవో గుమ్మానికి కొట్టి ఉన్న మెజూజాను, దేవుడి వాక్యం చుట్టి పెట్టిన ఆ చిన్న డబ్బీని, తాకడం మరిచిపోయి దూసుకుపోయాడు. జిర్యేస్ మాత్రం పాఠం బాగా ఒంటబట్టించుకున్నవాడు. మెజూజాను తాకి వేళ్ళు ముద్దుపెట్టుకున్నాడు. వంటింటి గుమ్మం దగ్గరా అలాగే చేశాడు. అంతటితో ఆగక, మెజూజా ఊసే లేని స్నానాలగది గుమ్మాన్ని కూడా తడిమి, కళ్ళు మూసుకుని మరీ ముద్దుపెట్టుకున్నాడు. జోహరా ఒక క్షణం అతని వంక చూసి, చేపల కూర కలపడానికి వెళ్ళిపోయింది.

ఆ వారం ఆ ఇంట్లో మామూలు శబ్బాత్ కాదు. జోహరా మనవరాలు హొదాయాకు సంబంధం కుదిరేలా ఉంది, శనివారం మధ్యాహ్నం పెళ్ళికొడుకు తల్లిదండ్రులు భోజనానికి వస్తున్నారు. వాళ్ళ కోసం పెద్ద కుండలో దఫీనా పెట్టింది. గోధుమలు, శనగలు, మాంసం, గుడ్లు కలిపి, పొద్దు వాలకముందే కరెంటు పళ్ళెం మీదికెక్కిస్తే, మర్నాటిదాకా సన్నని సెగ మీద ఉడికే వంట అది. మధ్యలో సెగ ఆరిందా, మళ్ళీ వెలిగించే అధికారం ఇంట్లో ఎవరికీ లేదు.

మగపిల్లలిద్దరికీ పక్క ఆ మేడ మీద గదిలోనే వేశారు. సఫేద్ చలి ఎముకలు వెతుక్కుంటూ వస్తుంది. తెల్లవారుజామున నెవో తట్టుకోలేక మంచం కింద దుమ్ము పట్టి ఉన్న పాత హీటరు లాగి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి నొక్కాడు. అది ఒక్కసారి ఎర్రబడి చల్లారిపోయింది. పాడైపోయిందనుకుని దాన్ని అలాగే వదిలేసి ముసుగుతన్నాడు.

పాడైంది హీటరు కాదు. కింద మెట్ల పక్కన పెట్టెలో మెయిన్ స్విచ్చి పడిపోయింది. దీపాలు పోయాయి, వేడినీళ్ళు పోయాయి, దఫీనా కింద పళ్ళెం చల్లబడింది. నెవో దిగి వచ్చేసరికి జోహరా కుండకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఇలాంటప్పుడు ఆదుకునే, ద్రూజు మతస్థుడైన కాపలావాడు చెల్లెలి పెళ్ళికని ఊరెళ్ళాడట. యూదుడు కానివాడు స్విచ్చి తనకోసం వేసుకుంటే వేసుకోవచ్చు, కానీ వెయ్యమని ఇంటావిడ అతన్ని నోరు తెరిచి అడగకూడదు. తన గోడు తాను చెప్పుకోవచ్చు, అంతవరకే.

జోహరా తన గోడు చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఇల్లు చీకటిగా ఉందంది. తన కన్నా నెవో స్నేహితుడికే ఎక్కువ చలేస్తున్నట్టుందని జిర్యేస్ వంక చూస్తూ అంది. జిర్యేస్ లేవబోయాడు. నెవో అతని చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

"చీకటి మనసుకు మంచిది చిన్నమ్మమ్మా," అన్నాడు భక్తిగా.

జోహరా మాట మార్చింది. ప్రార్థనకు నెవో ఒక్కడూ వెళ్ళిరావచ్చని, ఈ అబ్బాయి దగ్గుతున్నట్టున్నాడు కనుక ఇంటిపట్టున ఉండనిమ్మని అంది. గది చేజారకుండా ఉండాలంటే భక్తి ఒక పాలు ఎక్కువే చూపాలనుకున్న నెవో, గెర్షోన్ జ్వరంలో కూడా ప్రార్థన మానలేదని చెప్పి, అతన్ని చెయ్యి పట్టుకుని ప్రార్థనామందిరానికి ఈడ్చుకుపోయాడు. అక్కడ జిర్యేస్ అందరితోపాటు ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఆ స్విచ్చి తాను వేసి వస్తే ఏం పోయిందని గొణిగాడు. టోపీ పెట్టుకున్నవాడు వేస్తే చిన్నమ్మమ్మ గుండె ఆగిపోతుందని, గది సంగతి ఆ తరవాత దేవుడే చూసుకోవాలని నెవో అన్నాడు.

తిరిగొచ్చేసరికి వియ్యాలవారు అనుకున్నదానికన్నా గంట ముందే వచ్చి ఉన్నారు. వానలో నానిన పెళ్ళికొడుకు తల్లి కోటు విప్పకుండా కూర్చుని, కొండ మీద ఇళ్ళు చల్లగా ఉంటాయని విన్నాను గానీ ఇంతనుకోలేదంది. హొదాయా ముఖం మాడిపోయింది. జోహరా సరాసరి జిర్యేస్ ఎదురుగా కుర్చీ వేసుకుని, దఫీనా రాయిలా గట్టిపడిందంది, పిల్ల పెళ్ళి మాట ఇవాళే తేలాలంది, మెట్ల పక్కన పెట్టెలో నల్ల స్విచ్చి ఒకటి కిందికి పడి ఉందని కూడా చెప్పుకుని ఏడ్చింది. గోడు ఇంత వివరంగా చెప్పుకున్న మనిషి ఆ ఊళ్ళో అంతకు ముందు లేదు.

జిర్యేస్ లేచాడు. నెవో అతనికంటే ముందు పరుగెత్తి, ఆ పెట్టెకు వీపు ఆనించి చేతులు చాపి నిలబడ్డాడు.

"చల్లటి తిండి కూడా దేవుడిచ్చిందే," అన్నాడు.

"ఒరేయ్ నెవో," అంది జోహరా. "ఆ అబ్బాయికి అడ్డం లేవరా."



"గెర్షోన్..." అన్నాడు నెవో నీళ్ళు నములుతూ.

"గెర్షోనూ కాదు, ఎవరూ కాదు. నిన్న గుమ్మంలో అడుగుపెట్టగానే తెలుసు నాకు. మనవాళ్ళెవరైనా అంత శ్రద్ధగా ముద్దుపెడతార్రా? స్నానాలగది గుమ్మాన్ని కూడా వదల్లేదు. పొద్దుటినుంచి గొంతు పోయేలా చెప్పుకుంటుంటే, నువ్వు మధ్యలో ప్రవక్తలా అడ్డం పడుతున్నావు."

ఒఫ్రీ గోడవైపు తిరిగి నవ్వుకుంది.

"నాకు నిజంగానే చలేస్తోందమ్మా," అన్నాడు జిర్యేస్. "నాకోసం వేసుకుంటాను." నల్ల స్విచ్చి పైకి తోశాడు. దీపాలు వెలిగాయి, వియ్యపురాలు కోటు గుండీ ఒకటి విప్పింది, స్విచ్చి మళ్ళీ టప్పున పడిపోయింది.

అతను ఒక్క క్షణం ఆలోచించి నెవో వంక చూశాడు. నెవో నేల వంక చూశాడు. జిర్యేస్ మేడెక్కి, హీటరు ప్లగ్గు పీకి, దిగి వచ్చి మళ్ళీ స్విచ్చి వేశాడు. ఈసారి నిలిచింది. మేడ మీద ఏముందో జోహరాకు తెలుసు, నిన్న రాత్రి అక్కడ ఎవరు పడుకున్నారో కూడా తెలుసు.

"ఇద్దర్లో ఎవరు నొక్కార్రా?" అని అడిగింది. జిర్యేస్ నొక్కి ఉంటే తప్పే లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది నెవోకి. జిర్యేస్ కూడా సరేనన్నట్టు తల ఊపబోయాడు. కానీ ఒఫ్రీ గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"నేనే," అన్నాడు నెవో.

ఒక గంటకు దఫీనా పొగలు కక్కింది. వియ్యపురాలు రెండోసారి వడ్డించమంది, కోటు ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది, హొదాయా పెళ్ళి ఖాయమైపోయింది. చుక్కలు పొడిచాక జోహరా జిర్యేస్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, అసలు పేరేమిటని, ఏ ఊరని, గది దొరికిందా అని అడిగింది. మేడ మీద గది అతనికే ఇచ్చేసింది. నెవో అడ్డం పడి, నేను నీ సొంత అక్క మనవణ్ణి కదా అన్నాడు.

"అందుకేరా," అంది జోహరా. "నీలాంటివాళ్ళు మా ఇంట్లో ఇప్పటికే ఉన్నారు. శనివారం స్విచ్చి వేసుకోగలిగినవాడు ఒక్కడూ లేడు."

నెవో కొండ దిగువన గది చూసుకున్నాడు. ప్రతి శనివారం మెట్లన్నీ ఎక్కి చిన్నమ్మమ్మ ఇంటికి భోజనానికి వస్తాడు, దఫీనా ఎప్పుడూ వేడిగానే ఉంటోంది.