బంగారు రంగు బోరింగ్ బార్

పెద్దల్లుడు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తోడల్లుడి కంటే ముందు వర్క్‌షాపుకు చేరాలి. అతని బొమ్మను తలదన్నే బొమ్మ గీయాలి. మధ్యాహ్నం వచ్చే ఇంజనీరు ముందు దాన్ని తెర మీద గిరగిరా తిప్పి చూపించాలి. సాయంత్రానికల్లా కిటికీ పక్క కుర్చీలో కూర్చోవాలి.

ఆ కుర్చీ ప్రోగ్రామింగ్ విభాగానికి పెద్దగా ఉండేవాడిది. గది వెనక భాగంలో, అందరి వీపులూ కనిపించేలా ఉంటుంది. వెనక్కి వాలుతుంది కూడా. పాత పెద్ద రిటైరయ్యాక అది ఖాళీగా ఉంది. ఆర్డరిచ్చే ఇంజనీరు ఎవరి పని మెచ్చుకుంటే ఆ కుర్చీ వారిదేనని యజమాని చెప్పేశాడు. బరిలో ఉన్నది ఇద్దరే, పెద్దల్లుడూ చిన్నల్లుడూ. చిన్నల్లుడికి ఇక్కడ ఉద్యోగం ఇప్పించింది కూడా పెద్దల్లుడే. మరదలు అడిగిందని సిఫారసు చేశాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని ఇప్పుడు రోజూ అనుకుంటున్నాడు.

లేత్ మీద లోహం కోసే ముందు ఆ పనంతా కంప్యూటర్ తెర మీద ఒకసారి నడిపి చూస్తారు. దానికి టూల్ బొమ్మ కావాలి. పెద్దల్లుడు ఇన్నేళ్లూ ఒక కర్ర, కర్ర చివర ఒక త్రికోణం గీసి పని జరుపుకొచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. చిన్నల్లుడు వచ్చీ రాగానే డ్రాయర్లోని టూల్స్ అన్నీ బయటికి తీసి, కాలిపర్‌తో కొలిచి, ఒక్కొక్కదానికీ త్రీడీ బొమ్మ కట్టడం మొదలుపెట్టాడు. కడ్డీ, దాని చివర కోసే ఇన్సర్ట్, ఇన్సర్ట్‌ను పట్టుకునే క్లాంపు, క్లాంపు మీద స్క్రూ, స్క్రూ తల మీద గీత. యజమాని ఆ కుర్రాడి వెనక చేతులు కట్టుకుని నిలబడి, పురిటి పిల్లను చూసినట్టు చూసేవాడు. ఆ చూపు చూసినప్పుడల్లా పెద్దల్లుడికి కడుపు మండిపోయేది.

ఆ ఉదయం ఇంట్లో కూడా అదే గోల. భార్య లంచ్ బ్యాగు సర్దుతూ ఫోన్ చూపించింది.

"మా చెల్లి పంపిందండీ. మరిది గీసిన టూలట. స్క్రూ మీద గీత కూడా కనిపిస్తోంది. మీరెందుకు గీయరు అలా?"

"స్క్రూ మీద గీత లోహాన్ని కోస్తుందా?"

"కోయదనుకోండి. బాగుందంటున్నాను, అంతే."

ఆ 'అంతే' వినగానే పెద్దల్లుడు తింటున్నది సగంలో వదిలేసి బయల్దేరాడు.

గదిలో ఎవరూ లేరు. బస్సు సీటు మీద రుమాలు వేసినట్టు లంచ్ బ్యాగును ఆ కుర్చీలో పెట్టి, పెద్దల్లుడు పనిలోకి దిగాడు. ఈరోజు చూపించాల్సింది బోరింగ్ బార్, అంటే రంధ్రంలోకి దూరి లోపలి గోడ కోసే కడ్డీ. కడ్డీ వచ్చింది. ఇన్సర్ట్ వచ్చింది. క్లాంపు మాత్రం ఎటు తిప్పినా గాలిలోనే వేలాడింది. టైము చూస్తే పరుగెడుతోంది. అందరూ వాడే ఫోల్డర్లో తోడల్లుడి బోరింగ్ బార్ సిద్ధంగా ఉంది. చూద్దామని తెరిచాడు. చూశాక మూయబుద్ధి కాలేదు. కాపీ చేసి తన పేరు పెట్టుకున్నాడు. ఉన్నదున్నట్టు పెడితే దొరికిపోతాడు కనుక, ఇన్సర్ట్‌కు ఉన్న బంగారు రంగును తోక నుంచి తల దాకా మొత్తం పూసేశాడు. బొమ్మ నగల కొట్లో పెట్టేలా తయారైంది.

అయితే ఆ సాఫ్ట్‌వేర్లో రంగు సింగారానికి కాదు. బంగారు రంగున్న భాగం కోస్తుంది, బూడిద రంగున్నది కోయదు. బూడిద రంగు ఎక్కడైనా లోహానికి తగిలితే తెర ఎర్రబడుతుంది. చిన్నల్లుడు ఇదంతా మీటింగులో అందరికీ వివరంగా చెప్పాడు. అప్పుడు పెద్దల్లుడు యజమాని ఎన్నిసార్లు తల ఊపుతున్నాడో చూస్తున్నాడు.

యజమాని వచ్చి ఇద్దరి ప్రోగ్రాములూ నడిపించాడు. కడ్డీ రంధ్రంలోకి దూరబోగానే చిన్నల్లుడి తెర ఎర్రబడింది. పెద్దల్లుడిది నోరెత్తకుండా చివరిదాకా వెళ్లింది. రంధ్రం ఇరుకు, కడ్డీ లావు, సన్నది తెప్పించాలని చిన్నల్లుడు నెమ్మదిగా చెప్పాడు.

"చెయ్యి తిరిగినవాడికి ఈ బారే చాలు సార్," అన్నాడు పెద్దల్లుడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. యజమాని ముచ్చటపడిపోయి, అయితే తెర మీద ఎందుకు, ఇంజనీరు ఎదుట మిషన్ మీదే కోసి చూపిద్దామన్నాడు. టూల్ బిగించమని ఆపరేటర్‌కు చెప్పాడు. ఆ ఆపరేటర్‌ను అందరూ నిదానం అనే పిలుస్తారు.

గెలుపు రుచి ఇంకోసారి చూద్దామని పెద్దల్లుడు తన ప్రోగ్రామును మెల్లగా నడిపాడు. బొటనవేలంత కడ్డీ చిటికెనవేలంత రంధ్రంలోకి దర్జాగా దూరింది. అడ్డొచ్చిన గోడంతా మాయమైంది. అప్పుడు గుర్తొచ్చింది మీటింగులో చెవిన పడ్డ రంగుల సంగతి. అసలు మిషన్ మీద గోడ మాయం కాదు, బార్ విరుగుతుంది, కొత్త మిషన్ మూలన పడుతుంది. నిజం చెబితే కుర్చీ పోతుంది. అంతకంటే ఘోరం, పొద్దుగూకేలోపు అత్తవారింట్లో అందరికీ తెలిసిపోతుంది. నిదానం చేతులు కడుక్కోవడానికి వెళ్లిన సందు చూసి, బల్ల మీది బోరింగ్ బార్ తీసి లంచ్ బ్యాగులో దాచేశాడు.

నిదానం తన పేరుకు తగ్గట్టు ఒక్కో డ్రాయరూ తీసి, వెతికి, మూసి, మళ్లీ తీశాడు. యజమానికి ఓపిక నశించి చిన్నల్లుడి మీద విరుచుకుపడ్డాడు.

"అన్న ప్రోగ్రాము ఆడేసరికి నీకు కళ్లు కుట్టాయా? బార్ నువ్వే దాచావు కదూ?"

పెద్దల్లుడు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా మసక వదల్లేదు.

అంతలో ఇంజనీరు రానే వచ్చాడు. బార్ దొరికే లోపు తెర మీద చూడమన్నారు. ఆయన వంగి కాసేపు చూసి, కడ్డీ కూడా కోస్తోందేమిటని అడిగాడు. యజమాని పెద్దల్లుడి వైపు చూశాడు. పెద్దల్లుడు నేల వైపు చూశాడు. అతిథి నిలబడే ఉన్నాడని గుర్తొచ్చి, యజమాని వెనక కుర్చీలోంచి లంచ్ బ్యాగు ఎత్తాడు. అన్నం బరువు కాదది. అడుగు చిరిగి బోరింగ్ బార్ ఖంగుమని కింద పడింది.

అందరికంటే ముందు నోరు తెరిచింది చిన్నల్లుడు.

"మీరు తొందరపడి మిషన్ ఎక్కించేస్తారని అన్నయ్యే దాచాడు సార్. తగులుతుందని నా తెర చెబుతుంది. ఎంత మేర తగులుతుందో అన్నయ్య తెర చూపిస్తుంది. అందుకే మొత్తం బంగారు రంగు వేశాడు."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే వింటారా సార్?"

యజమాని వినడని అందరికీ తెలుసు, యజమానికి కూడా. ఇంజనీరు రెండు తెరలూ పక్కపక్కన పెట్టించి చూశాడు. తమ దగ్గర ఇంత జాగ్రత్త లేకే ఒక మిషన్ పోయిందని నిట్టూర్చి, ఆర్డరు ఖాయం చేశాడు. యజమాని చిన్నల్లుడికి క్షమాపణ చెప్పాడు, పెద్దల్లుడికి కుర్చీ ఇచ్చాడు.

పెద్దల్లుడు తోడల్లుణ్ణి కుళాయి దగ్గరికి లాక్కెళ్లాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున చూడగానే అన్నయ్యా. స్క్రూ మీద గీత వంకరగా గీసేది నేనొక్కణ్ణే."

"మరి నన్నెందుకు కాపాడావు?"

"ఈ ఉద్యోగం మీరిప్పించిందేగా. పైగా నిజం చెబితే ఆ కుర్చీ నాకు అంటగడతారు. అందులో కూర్చుంటే రోజంతా ఫోన్లూ మీటింగులే. బొమ్మలెప్పుడు గీసుకోను?"

పెద్దల్లుడికి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఒళ్లు మండింది. తను ఇన్నాళ్లూ కుళ్లి కుళ్లి కోరుకున్నదాన్ని వీడు వద్దనుకుని తప్పించుకున్నాడు. బొమ్మ బాగా గీస్తే గీశాడు, మనసు కూడా తనకంటే పెద్దదైతే ఇక మిగిలేదేమిటి?

మర్నాడు పొద్దున కుర్చీలో కూర్చున్నాడు. మెత్తగానే ఉంది. వెనక్కి వాలితే వాలింది కూడా. ఎదురుగా చిన్నల్లుడు వీపు పెట్టి, ఏదో కొత్త టూల్‌కు క్లాంపు అమర్చుకుంటున్నాడు. పెద్దల్లుడు కళ్లజోడు సవరించుకున్నాడు.

ఈ కుర్చీలోంచి తోడల్లుడి తెర ఇంకా బాగా కనిపిస్తోంది.