అధ్యక్షులవారి ఎదుట రాయి ఎత్తు విధానం

ఒక పెద్ద అడవిలో, నిజానికి అది అంత పెద్దదేమీ కాదు గానీ అధ్యక్షులవారు పెద్దదనే అనమన్నారు కాబట్టి పెద్ద అడవే, నీళ్ళకి కటకట వచ్చింది.

వానల్లో కొండచరియ విరిగి ఒక బండరాయి దొర్లుకుంటూ వచ్చి ఊటకి అడ్డంగా పడింది. ఊట మూసుకుపోయేసరికి కింద ఉన్న మడుగు తగ్గుతూ వచ్చింది. ఆ మడుగులో తాబేలు కూర్మయ్య కాపురం. నీళ్ళు పోతే మిగతావాళ్ళకి దాహం, ఆయనకి మాత్రం కొంపే పోతుంది.

బండని ఎత్తడానికి ఏనుగులుంటే సరిపోయేది. అవి ఎప్పుడో పక్క అడవికి బదిలీ చేయించుకున్నాయి. ఇక మిగిలింది ఎలుగుబంటి భద్రయ్య. ఒళ్ళుంది, చేతులున్నాయి, తొందర కూడా ఉంది. కూర్మయ్య వాణ్ణి పట్టుకొచ్చి కసరత్తు మొదలుపెట్టించాడు.

కూర్మయ్యకి ఓపిక ఎంతో నోటిదురుసూ అంతే.

"ఒరే, నడుంతో లాగకు! మోకాళ్ళు వంచి కిందికి దిగు. పిరుదులు వెనక్కి. రాయిని ఒంటికి దగ్గరగా పట్టుకో. ఇప్పుడు తొడల బలంతో లే. నీ వీపు నా వీపులా ఉండాలి, ఎక్కడా వంగకూడదు!"

"మీది డిప్ప కదా మాస్టారూ, ఎలాగూ వంగదు."

"అందుకేరా నాకింతవరకూ నడుంనొప్పి లేదు."

మొదట గుమ్మడికాయంత రాయి. అది వణక్కుండా లేచాకే ఇంకాస్త పెద్దది. భద్రయ్య గొణిగేవాడు, "ఇలా అయితే ఆ బండ ఎప్పటికి ఎత్తుతాను?" అని. "మడుగు ఎండేలోపే ఎత్తుతావు, మధ్యలో వెధవ్వేషాలు వెయ్యకపోతే," అనేవాడు కూర్మయ్య. నిజంగానే వేసవి ముదిరేసరికి వాడు తిరగలి రాయంత రాయిని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుతున్నాడు. కూర్మయ్యకి లోలోపల ఎంత సంతోషమో! పైకి మాత్రం తిట్టడం మానలేదు.

ఒకనాడు కార్యదర్శి కొండముచ్చు కోదండం అటుగా వచ్చి ఈ కసరత్తు చూశాడు. చూసి ఊరుకుంటే కార్యదర్శి ఎందుకవుతాడు? తిన్నగా అధ్యక్షులు చిరుతపులి గారి దగ్గరికి పరిగెత్తాడు.

"అయ్యగారూ, ఘోరం! భద్రయ్య మోకాళ్ళు వంచి, పిరుదులు వెనక్కి పెట్టి కిందికి దిగుతున్నాడు. అలా దిగేది దేనికండీ? కూర్చోడానికి! అంటే వాడి కన్ను దేనిమీద ఉన్నట్టు?"

చిరుత తన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

వెంటనే ఉత్తర్వు వెలువడింది. అధ్యక్షులవారి ఎదుట ఎవరు ఏ రాయి ఎత్తినా మోకాళ్ళు బిగించి, నడుము దగ్గర వంగి, వినయంగా ఎత్తాలి. పైగా బండ ఎత్తే కార్యక్రమం అధ్యక్షులవారి పుట్టినరోజుకే జరగాలి. పుట్టినరోజు ఎల్లుండి.

కూర్మయ్య సభకి పాక్కుంటూ వెళ్ళాడు. "అయ్యా, వాడింకా తిరగలి రాయి దగ్గరే ఉన్నాడు. కొన్నాళ్ళు ఆగితే బండ లేస్తుంది. ఇవాళ తొందరపెడితే బండా లేవదు, వాడూ లేవడు."

"ముందు నువ్వు వంగి మాట్లాడు," అన్నాడు కోదండం.

"నాకు వంగదయ్యా!"

"చూశారా అయ్యగారూ, గురువే ఇలా ఉంటే!"

పుట్టినరోజు నాడు మామిడాకులు కట్టారు, డప్పులు వాయించారు. కుర్చీని ఊటకి ఎదురుగా వేశారు. "వద్దురా భద్రయ్యా, నీకు దండం పెడతాను," అన్నాడు కూర్మయ్య. జన్మలో ఎవరికీ దండం పెట్టనివాడు ఆ మాటన్నాడు. భద్రయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. కానీ అప్పటికే మెడలో దండ వేసేశారు. "ఈ ఒక్కసారికే కదా మాస్టారూ," అన్నాడు. మోకాళ్ళు బిగించాడు, నడుం వంచాడు, లాగాడు.

కటుక్కుమంది. బండ కాదు.

భద్రయ్య వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చిరుత కళ్ళు చెమర్చాయి. "ఇంత సేపు దండం పెట్టినవాణ్ణి నేను చూడలేదు," అంది.

ఆ మెప్పు చూసి దుప్పులు, పందులు, ముళ్ళపందితో సహా అందరూ బండ మీద పడ్డారు. వచ్చినవాడల్లా వంగాడు, వంగినవాడల్లా ఉండిపోయాడు. చివరికి అధ్యక్షులవారికే దాహం వేసింది. "చేతకాని వెధవల్లారా, నేను ఎత్తుతా," అని లేచింది.

కోదండానికి చిక్కొచ్చిపడింది. అధ్యక్షులవారు ఎవరి ఎదుట వంగాలి? తెలివైనవాడు కదా, ఖాళీ కుర్చీనే ఎదురుగా జరిపించాడు. చిరుత తన కుర్చీకి తానే వినయంగా వంగింది. కటుక్కుమంది. ఇక ఆ కుర్చీలో కూర్చోడానికి లేదు, దాని ముందు నుంచి లేవడానికీ లేదు.

మడుగు ఎండిపోయింది. కూర్మయ్య బయల్దేరుతుంటే భద్రయ్య వంగినచోటే భోరుమన్నాడు. "మీ ఇల్లు నేనే పోగొట్టాను మాస్టారూ!"

"ఏడవకురా, ఏడిస్తే నడుం ఇంకా పీకుతుంది," అన్నాడు కూర్మయ్య. "నొప్పి తగ్గాక కొండ అవతలికి రా. మళ్ళీ గుమ్మడికాయంత రాయితో మొదలుపెడదాం."

ఇప్పుడా అడవిలో అందరూ వంగే నడుస్తారు. మూతులు నేలకి దగ్గరగా ఉండటంతో తడి మట్టి నాకడం తేలికైంది. ఇదంతా అధ్యక్షులవారి ముందుచూపేనని కోదండం ప్రతి సభలోనూ వంగి చెబుతున్నాడు. కూర్మయ్య వెళ్ళిపోవడానికి కారణం వెన్నులో పుట్టుకతో వచ్చిన లోపమని కూడా తేల్చారు.

నీతి: నడుం పోతే పోయింది, మర్యాద దక్కింది.