తలనొప్పికి రక్తదాతలు

ఆ ఉదయం నవదీప్ అనుకున్నది ఒక్కటే: ఎవరికీ చెప్పకుండా వెళ్లి తలకు స్కాన్ తీయించుకోవాలి. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కు చదువుతున్న అతనికి ఇది ఆఖరి అవకాశం. మెయిన్స్ దగ్గర పడింది. ఎండాకాలం నుంచి రోజూ తలనొప్పే. తలలో గడ్డేదో ఉందని తనకు తానే తేల్చేసుకున్నాడు.

స్కాన్‌కు ఖాళీ కడుపుతో వెళ్లాలేమోనని, మెస్ నడిపే తాయారమ్మ తినిపొమ్మంటే "టిఫిన్ వద్దు ఆంటీ, పక్క వీధి ఆసుపత్రిలో తలకి స్కాన్ ఉంది" అని నోరు జారాడు. ఇంకేముంది! ఆవిడ గరిటె వదిలేసి, "అయ్యో నా తండ్రీ!" అంటూ అతని రూమ్మేట్ రవికిరణ్‌కు ఫోన్ కొట్టింది. నిద్రలోంచి లేచిన ఆ మహానుభావుడు క్షణం ఆలోచించలేదు. ఆలోచనంతా పరీక్షకే దాచుకున్నాడు మరి. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు: "నవదీప్‌కు బ్రెయిన్ ఆపరేషన్. రక్తం కావాలె. అర్జెంట్."

నవదీప్ ఆసుపత్రిలో నరాల డాక్టరు శరణ్య ముందు కూర్చున్నాడో లేదో, తలుపు తోసుకుని పదిమంది, ఆపరేషన్‌కు రక్తం ఇస్తామంటూ చొక్కా చేతులు మడిచి నిలబడ్డారు. వెనక క్యారియర్‌తో తాయారమ్మ.

"ఆపరేషన్ ఎవరికి?" అంది డాక్టరు.

"నాకేనా మేడమ్?" అన్నాడు నవదీప్.

ఆవిడ అందర్నీ బయటికి పంపింది. అతని కళ్లలో లైటు వేసి, మోకాళ్ల మీద సుత్తితో తట్టి, నడిపించి చూసింది. చూపు మసకబారుతోందా, వాంతులా, తిమ్మిర్లా అని అడిగింది. ఏవీ లేవు.

"ఇప్పుడు స్కాన్ తీస్తే నీకు మెదడుందని తెలుస్తుంది, అంతే. పొద్దున ఏం తింటావు?"

"టీలు మేడమ్."

"ఎక్కడ కూర్చుని చదువుతావు?"

నవదీప్ ముఖం వెలిగింది. "రీడింగ్ రూమ్‌లో సరిగ్గా ఏసీ కింద! ఆ సీటు కోసం ఏడాది కాచుకున్నా. రాత్రిదాకా లేవను మేడమ్, లేస్తే పోతుంది."

"పోనీ. సీటు మార్చు, టిఫిన్ తిను, మధ్యమధ్య లేచి మెడ తిప్పు. నొప్పి తీరు మారితే వెంటనే రా, అప్పుడు చూద్దాం స్కాన్ సంగతి."

రవికిరణ్ తలుపులోంచి తల దూర్చాడు. "ఒక్కటి తీయుండ్రి మేడమ్, మా తృప్తికి."

"మీ తృప్తికి వాడి తలెందుకయ్యా?"

ఆపరేషన్ లేదని తెలియగానే తాయారమ్మ ఆసుపత్రి మెట్ల మీదే క్యారియర్ విప్పి అందరికీ ఇడ్లీలు పెట్టింది. నవదీప్‌కు కళ్లనీళ్లు తిరిగాయి. ఊరుకాని ఊళ్లో, పరీక్ష నెత్తిమీద పెట్టుకుని, తన కోసం ఇంతమంది పరిగెత్తుకొచ్చారు. సివిల్స్ చదివేవాడు ఒక పూట చదువు వదులుకోవడమంటే రక్తం ఇవ్వడం కన్నా పెద్ద సంగతి.

"మీ రుణం తీర్చుకోలేనురా" అన్నాడు.

"గట్లైతే ఆ ఏసీ సీటు నాకియ్యి" అన్నాడు రవికిరణ్.

నవదీప్ సంతోషంగా ఇచ్చేసి తలుపు పక్కకు మారాడు. రోజూ టిఫిన్ తిన్నాడు. నొప్పి మెల్లగా సర్దుకుని, మెయిన్స్‌కు ముందే తల తేలికపడింది. దారిలో కనపడిన ప్రతి తెలుగువాడికీ మళ్లీ మళ్లీ థాంక్స్ చెప్పాడు.

సీటు మారిన వారానికే రవికిరణ్ తల పట్టుకుని మెస్‌కు వచ్చాడు. "టిఫిన్ వద్దాంటీ. నాకు గూడ తలకు స్కాన్ తీయించాలె."

తాయారమ్మ ఈసారి గరిటె వదల్లేదు.