గేటుకు తెలిసిన ముఖం

మానవజాతి కనిపెట్టిన వాటన్నిటిలోకీ గొప్పది గేటు. నిప్పు, చక్రం, వ్యవసాయం వగైరాలన్నీ దాని తర్వాతే. గేటు లేనంతకాలం మనిషి తాను లోపలివాడో బయటివాడో తెలియక నానా అవస్థలూ పడ్డాడు. (నిప్పు చుట్టూ కూర్చుని చలి కాచుకున్నవాళ్ళను ఎవరూ గుర్తింపు కార్డు అడగలేదట. ఆ అరాచకాన్ని తలుచుకుంటేనే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.)

ఈ సత్యాన్ని కాస్త ఆలస్యంగా గ్రహించిన సంస్థల్లో రోగనిరోధక పరిశోధన కేంద్రం ఒకటి. అక్కడ జనం తలలు బద్దలు కొట్టుకునేది ఒకే ఒక్క ప్రశ్న మీద. క్రిములను చంపడానికి ఒంట్లో ఉన్న కాపలా కణాలు కొందరిలో ఉన్నట్టుండి సొంత ఒంటిమీదే ఎందుకు విరుచుకుపడతాయి? కీళ్ళు ఎదురైతే కీళ్ళను, చర్మం ఎదురైతే చర్మాన్ని ‘నువ్వెవరు, ఎక్కడినుంచి వచ్చావు’ అని నిలదీసి మరీ ఎందుకు కొరుకుతాయి?

ఆ కేంద్రంలో పనిచేసే డాక్టరమ్మకు (మందులిచ్చే డాక్టరు కాదు, పేరు ముందు పెట్టుకునే డాక్టరు) ఈ ప్రశ్న ఆఫీసుతో తీరేది కాదు, ఇంటికి కూడా వచ్చేది. ఆమె పని సర్దిచెప్పే కణాలతో. కాపలా కణాలు ఆవేశపడినప్పుడల్లా ‘వాడు మనవాడేరా, వదిలెయ్’ అని వెనక్కి లాగే పెద్దమనుషుల్లాంటి కణాలు కొన్ని ప్రతి ఒంట్లోనూ ఉంటాయి. అవి నీరసపడితే ఇక లోపల కొట్లాటే. ఆమె చెల్లెలి ఒంట్లో జరుగుతున్నది అదేనని డాక్టరమ్మ అనుమానం.

చెల్లెలికి జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. పొద్దున్నే వేళ్ళు వాచిపోయి కత్తెర పిడిలో దూరవు. వాపు తగ్గడానికి వేసుకునే మాత్రలతో వేళ్ళు కాస్త దిగాయి గానీ, ఆ వాపు ముఖానికెక్కి బుగ్గలు ఉబ్బి కళ్ళు లోపలికి పోయాయి. “అద్దంలో నాకు నేనే కొత్త గిరాకీలా కనిపిస్తున్నానక్కా. ఏం కటింగ్ కావాలండీ అని అడగబోయాను” అని నవ్వేది. డాక్టరమ్మకు నవ్వు వచ్చేది కాదు.

కేంద్రంలో అప్పుడే ఒక కొత్త మందు ప్రయోగం మొదలవబోతోంది. నీరసపడ్డ సర్దిచెప్పే కణాలకు సత్తువ ఇచ్చే మందు. అడిగినవాళ్ళందరికీ ఇవ్వరు. ఆ కణాలు నిజంగా నీరసపడ్డాయని పరీక్షలో తేలాలి. పరీక్షకు బతికున్న కణాలే కావాలి, అంటే పొద్దున తీసిన రక్తాన్ని సాయంత్రంలోగా చూసెయ్యాలి. వరసగా జ్వరాలు రావడం వల్ల చెల్లెలి వంతు వెనక్కి వెనక్కి జరిగి ఆఖరి రోజుకు వచ్చింది. ఆ సాయంత్రంతో పేర్లు తీసుకోవడం ఆపేస్తారు. చెల్లెలి రక్తమున్న నీలం పెట్టెను చంకన పెట్టుకుని డాక్టరమ్మ గేటు దగ్గరికి వచ్చింది ఆ రోజునే. దురదృష్టవశాత్తూ గేటు ఉద్యోగంలో చేరింది కూడా ఆ రోజునే.

అంతకుముందు అక్కడ గేటు అనదగ్గది లేదు. ఒక కుర్చీ, అందులో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎవరొచ్చినా కళ్ళజోడు పైనుంచి చూసి “మనవాళ్ళేలే, పోనివ్వు” అనేవాడు. ఒకసారి ఏసీ బాగుచేస్తానని వచ్చినవాణ్ణి కూడా మనవాడే అన్నాడు. ఆ మనవాడు పెద్ద మైక్రోస్కోపు కటకం విప్పుకుని పోయాడు. కేంద్రం వెంటనే మేల్కొంది. పెద్దాయనను ఇంటికి పంపి, ముఖాలు చూసి తలుపు తీసే గేటు తెప్పించింది. దానితోపాటు ‘ఆత్మీయతా నిర్ధారణాధికారి’ అనే ఉద్యోగాన్ని సృష్టించి, ఒక మనిషినీ ఒక విజిల్‌నూ నియమించింది.

డాక్టరమ్మ గేటు ముందు నిలబడింది. గేటు ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత తేనె పూసినట్టున్న ఆడగొంతుతో, “మీరు మనవారు కారు” అంది.

తప్పు గేటుది కాదు. దానికి ఇచ్చినవి అందరూ ఉద్యోగంలో చేరిన రోజున తీయించుకున్న ఫోటోలు. అందులో డాక్టరమ్మకు నడుందాకా జడ ఉంది. ఇప్పుడు మెడదాకా కూడా లేదు. మొన్న చెల్లెలు “వేళ్ళు పూర్తిగా మొరాయించేలోపు నీకొక్క మంచి కటింగ్ చేస్తానక్కా” అంటే తల అప్పగించింది. మధ్యలో కత్తెర జారి ఒకపక్క కాస్త పైకి పోయింది. డాక్టరమ్మ దాన్ని ఎవరి చేతా సరిచేయించుకోలేదు.

“నేను ఇక్కడే పనిచేస్తానండీ” అంది అధికారితో.

“అందరూ అదే అంటున్నారు మేడమ్” అన్నాడు అధికారి వెనక్కి చూపిస్తూ. వెనక ఫుట్‌పాత్ మీద కేంద్రంలోని శాస్త్రవేత్తలంతా నిలబడి ఉన్నారు. ఒకరు లావెక్కారు, ఒకరు చిక్కిపోయారు, ఒకరు మీసం తీసేశారు. మిగతావాళ్ళు వయసు పెరగడం అనే నేరం చేశారు.

“మరి ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?”

“రెండో అంతస్తులో. స్వయంగా వచ్చి ఇవ్వాలి.”

“నా సంగతి వదిలెయ్యండి. ఈ పెట్టె ఒక్కటి లోపలికి పంపండి. సాయంత్రానికి చచ్చిపోతాయి.”

అధికారి ఒక అడుగు వెనక్కి వేశాడు. “ఏవి?”

“కణాలు. మా చెల్లెలి రక్తం ఇది.”

“సొంత చెల్లెలా? అయితే బంధుప్రీతి నిబంధన కింద మీరు దాన్ని ముట్టుకోకూడదు కదా మేడమ్.”

“సరే, ఎవరో పరాయిమనిషి రక్తం అనుకోండి.”

“పరాయి రక్తం లోపలికి రాకూడదండీ. అసలు గేటు పెట్టిందే అందుకు.” (ఆయన మాటలో కోపం లేదు. ఆయన కూడా పొద్దున గేటును ఆన్ చేసి బయటికి వచ్చాక మళ్ళీ లోపలికి వెళ్ళలేకపోయాడు. టిఫిన్ క్యారియర్ లోపల ఉండిపోయింది.)

ఇంతలో పెద్దసారు కారు వచ్చింది. పెద్దసారు అంటే కేంద్రానికి అధిపతి. గేటుకు ముందురోజు రిబ్బను కత్తిరించి, దాన్ని ‘మన కంటిరెప్ప’ అని వర్ణించింది ఆయనే. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. గేటు పెద్దసారు బట్టతలను చాలాసేపు చూసి, ఫోటోలోని ఒత్తయిన క్రాపుతో పోల్చుకుని, ఆయన కూడా మనవారు కారని చెప్పింది. ఆయన నవ్వి మళ్ళీ ప్రయత్నించాడు. కళ్ళజోడు తీసి ఇంకోసారి ప్రయత్నించాడు. అదేపనిగా ప్రయత్నించేవారు శత్రువులని నియమం కనుక సైరన్ మోగింది. శత్రువు పక్కన నిలబడినవారు అనుమానితులని ఇంకో నియమం కనుక ఫుట్‌పాత్ మొత్తానికి ప్రవేశం మూసుకుపోయింది.

పెద్దసారు మనోధైర్యం ఉన్న మనిషి. ఆ రోజు లోపల ఇవ్వాల్సిన ఉపన్యాసాన్ని అక్కడే ఎవరిదో స్కూటర్ ఎక్కి కూర్చుని మొదలుపెట్టాడు. “ఇంత తెలివైన శరీరం తన వాళ్ళనే పోల్చుకోలేకపోవడం ఏమిటి? ఈ వైపరీత్యం ఎక్కడా చూడం” అన్నాడు. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు.

డాక్టరమ్మ మాత్రం వినలేదు. ఎండ పెట్టెమీదికి వస్తోంది. చున్నీ తీసి పెట్టెకు కప్పింది. లోపల చెల్లెలి కణాలు ఒకటొకటిగా పోతున్నట్టే ఆమెకు అనిపించింది.

అప్పుడు రోడ్డు దాటి ఒకాయన తీరిగ్గా నడుచుకుంటూ వచ్చాడు. కొత్త గేటు ఎలా ఉందో చూద్దామని (వృత్తిపరమైన ఆసక్తి) దాని ముందు ఆగాడు. గేటు క్షణం కూడా ఆలోచించలేదు. “స్వాగతం. మీరు మనవారు” అని తలుపు తీసింది.

కటకం దొంగ.

దీనికీ గేటును తప్పుపట్టలేం. కేంద్రంవాళ్ళు గేటును అమర్చేటప్పుడు దొంగ ముఖాన్ని ఎడమనుంచి, కుడినుంచి, పైనుంచి చూపించి ‘వీణ్ణి బాగా గుర్తుపెట్టుకో’ అన్నారు. అది గుర్తుపెట్టుకుంది. గుర్తుపట్టాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

“పట్టుకోండి!” అన్నాడు పెద్దసారు స్కూటర్ మీదినుంచి.

“గేటు ఒప్పుకున్నాక కాదనడానికి నేనెవరినండీ?” అన్నాడు అధికారి, దొంగకు సెల్యూట్ చేస్తూ.

డాక్టరమ్మ పరిగెత్తింది. “బాబూ, ఒక్క నిమిషం! ఈ పెట్టె లోపలికి తీసుకెళ్ళవూ?”

దొంగ పెట్టెను చేత్తో తూచి చూశాడు. “ఏముందమ్మా ఇందులో?”

“మా చెల్లెలి రక్తం.”

“బయట అమ్ముడుపోతుందా?”

“పోదు.”

“అయితే భయం లేదులెండి, భద్రంగా పెడతాను” అని వెళ్ళాడు. పెట్టడమే కాదు, రెండో అంతస్తు కిటికీలోంచి తల బయటపెట్టి “పెట్టేశానమ్మా! ఇప్పుడేం చెయ్యాలి?” అని అరిచాడు. డాక్టరమ్మ ఫోన్లో వీడియో పెట్టించుకుని చెప్పుకుంటూ వచ్చింది. చేతికి తొడుగు వేసుకో. ఆ సీసాలో రంగు ఇందులో పొయ్యి. ఊపకు నాయనా, నెమ్మదిగా తిప్పు. వెనకనుంచి శాస్త్రవేత్తలు తలా ఒక సలహా ఇచ్చారు. దొంగ ఒకసారి విసుక్కుని “ఒక్కరే చెప్పండి సార్, పనిలో ఉన్నాను” అన్నాడు. కణాలను లెక్కపెట్టే యంత్రం కూడా ముఖం అడిగింది, చూసింది, “స్వాగతం, శాస్త్రవేత్త గారూ” అంది.

చీకటి పడకముందే ఫలితం వచ్చింది. సర్దిచెప్పే కణాలు బతికే ఉన్నాయి, కానీ ఘోరంగా నీరసించాయి. చెల్లెలి పేరు మందు ప్రయోగంలో చేరింది. డాక్టరమ్మ ఫుట్‌పాత్ మీదే కూర్చుని అందరి ముందూ ఏడ్చింది.

తర్వాత విచారణ జరిగింది. ఆ రోజు భవనంలో అనుమతి పొందిన నిపుణుడు ఒకే ఒక్కడు ఉన్నాడని, పరీక్ష చేసింది ఆయనే కనుక ఫలితం చెల్లుతుందని విచారణ సంఘం తీర్మానించింది. (ఆ నిపుణుడు వెళ్ళేటప్పుడు రెండో కటకం కూడా పట్టుకుపోయాడు. బయటికి పోయేవాళ్ళు ఎలాగూ బయటివాళ్ళే కనుక వాళ్ళ ముఖం చూడనక్కరలేదని నియమం.) గేటును మార్చాలా అన్న చర్చ కూడా వచ్చింది. గేటు ఖరీదైనది, మనుషులను మార్చడమే సులువని తేలింది. ఉద్యోగులంతా ఫోటోలో ఉన్నట్టుగా మారి రావాలని ఉత్తర్వు వేశారు.

చెల్లెలి దుకాణం కిటకిటలాడింది. పెద్దసారుకు విగ్గు అమర్చింది. మీసం తీసేసినాయనకు మీసం అతికించింది. అక్కకు సవరం పెట్టి నడుందాకా జడ వేసింది. ఒక్కొక్క పిన్ను పెట్టి, వేళ్ళు వేడినీళ్ళలో ముంచుకుని, మళ్ళీ ఇంకొక పిన్ను పెట్టింది. “నొప్పిగా ఉంటే వదిలెయ్యవే” అంటే, “సోమవారం నుంచి మందు ఇస్తారుగా, ఈ నాలుగు రోజులూ ఓర్చుకుంటాలే” అంది. సోమవారానికి కేంద్రం మొత్తం పూర్వరూపం దాల్చి, గేటు చేత మనవారు అనిపించుకుని, లోపలికి వెళ్ళింది.

అందరి తర్వాత అక్క వెనకాలే చెల్లెలు గేటు ముందు నిలబడింది. మందు ప్రయోగంలో చేరినవాళ్ళ గుర్తింపు కార్డుల ఫోటోలు కూడా గేటుకు ఇచ్చారు, చెల్లెలిది జబ్బుకు ముందు తీసిన ఫోటో. అది ఉబ్బిన బుగ్గలను, లోపలికి పోయిన కళ్ళను చూసింది.

“మీరు మీరు కారు” అంది తేనెగొంతుతో.

అప్పటికే లోపలికి వెళ్ళిపోయిన డాక్టరమ్మ వెనక్కి పరిగెత్తుకొచ్చి ఊచలు పట్టుకుంది. “అది మా చెల్లెలండీ, మనమనిషే, వదలండి!” అని అరిచింది. ఆ మాట అనే ఉద్యోగం కుర్చీలో పెద్దాయనతోనే రద్దయిందని అధికారి మర్యాదగా గుర్తుచేశాడు.

చెల్లెలు మాత్రం కంగారు పడలేదు. వాచిన వేళ్ళతోనే ఊచల సందులోంచి అక్క సవరం సర్దింది.

“నాకలవాటేలే అక్కా. నా ఒళ్ళు కూడా రోజూ పొద్దున్నే నాతో అదే అంటుంది.”

కేంద్రం అన్నేళ్ళుగా వెతుకుతున్నదానికి అంత దగ్గరగా వచ్చిన మాట ఇంకొకటి లేదు. కానీ ఆ మాట అన్న మనిషి గేటు బయట ఉండటం వల్ల దాన్ని ఎవరూ రాసుకోలేదు.