‘మిస్టర్’ అన్న నేరం

“నేరస్థులారా, నిద్ర మానుకోండి! హ్యూబర్ట్ స్నెల్ మేలుకున్నాడు!”

ఈ భీకర ప్రకటన చేస్తున్నప్పుడు స్నెల్ గడ్డం మీద కోడిగుడ్డు సొన కారుతోంది. ఇంగ్లాండు దక్షిణాన ఏదో మర్యాదస్తుల ఊళ్ళో బతుకంతా టోపీలమ్మి, రిటైరయ్యాక మా బొగ్గుగనుల ఊరు హెజిల్‌బర్న్ వచ్చి, డిటెక్టివునని గుమ్మానికి బోర్డు కట్టుకున్నాడు. ఇంతవరకూ పట్టుకున్నది జలుబొక్కటే. పక్కింట్లో ఉన్న పాపానికి నేను అతని సహాయకుణ్ణి.

అప్పుడే నెడ్ టులిప్ వచ్చాడు. గనిలో కొండల్ని పిండి చేసిన మనిషి, టోపీ నలుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

“మాట్ హెస్లప్ నన్ను ‘గుడ్ మార్నింగ్, మిస్టర్ టులిప్’ అంటున్నాడు బాబూ. ఈ వారమంతా అదే వరస.”

వ్యవహారం ముదిరిందని నేను టీకప్పు కింద పెట్టేశాను. స్నెల్ మాత్రం టోస్టు నములుతూ, “మంచిదే కదా! అంతకుముందు ఏమనేవాడు?” అన్నాడు.

“‘ఇంకా చావలేదేంట్రా, వెధవన్నర వెధవా’ అనేవాడు. ఇద్దరం గనిలోకి దిగిన మొదటి రోజు నుంచీ అంతే. మా కూరతోటలకి మధ్య ఒక్క కంచె. నా పెళ్ళాం పోయినప్పుడు ఫాదరుగారు కూచోబెట్టి ఎంతో ఓదార్చారు, ఒక్క ముక్క చెవికెక్కలేదు. వీడొచ్చి ‘ఏడ్చింది చాలు, లేచి టీ తాగి చావరా దరిద్రుడా’ అన్నాడు. అప్పుడు తాగాను.” నెడ్ టోపీని ఇంకోసారి పిండాడు. “ఇప్పుడు మిస్టరట. వాడు కాక నాకెవరున్నారు?”

(అచ్చులో పట్టే తిట్లే రాస్తున్నాను. మాట్ అసలు తిట్లు రాస్తే కాగితం అంటుకుంటుంది.)

మా ఇంగ్లీషువాడికి బూతు లేనిదే మాటకి ఉప్పు చాలదు. సుత్తి వేలి మీద పడితే దేవుడికంటే ముందు అదే గుర్తొస్తుంది. ప్రేమని నేరుగా చెప్పడానికి సిగ్గు గనుక స్నేహితుణ్ణి దానితోనే పలకరిస్తాడు. నిజంగా కడుపు మండినప్పుడు మాత్రం గొంతు తగ్గించి, ‘తమరి మీద ఎంతో గౌరవంతో’ అని మొదలుపెడతాడు. ఆ మాట వినగానే పారిపోవాలి. ఇది మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకీ తెలుసు. మన మేధావికి తెలియదు.

స్నెల్ ఎగిరి నిలబడ్డాడు. “అర్థమైంది! ‘ఇంకా చావలేదేంట్రా’ అన్నది ప్రశ్న కాదు, పథకం! ఇన్నేళ్ళుగా నీ మీద హత్యాయత్నం జరుగుతోంది! ఇప్పుడు హంతకుడిలో పశ్చాత్తాపం మొదలైంది!”

“హత్యేంటి నీ పిండాకూడు,” అన్నాను. “వాళ్ళు ప్రాణస్నేహితులయ్యా! మాట్‌కి దేనికో మనసు విరిగింది. దేనికో కనుక్కుని చావు.”

“నీది సామాన్య బుద్ధి,” అని నన్ను కరుణించి, భూతద్దం తీసుకుని, మా ఇద్దర్నీ వెంటేసుకుని బయల్దేరాడు.

తోటలో మాట్ తన లీకుల వరుస ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. లీకు అంటే ఉల్లికాడకి పెద్దన్న. కన్నపిల్లలకి పెట్టని తిండి దానికి పెట్టి, మోచేయంత లావు చేసి, క్లబ్బులో కూరగాయల పోటీకి తీసుకెళ్తారు. పోటీ ముందు ఎదుటివాడి లీకు పీకడం మా దగ్గర ఖూనీతో సమానం. మాట్ వరుస నడిమధ్యన ఒక గొయ్యి ఉంది. అన్నిటికంటే లావుపాటిది మాయమైంది. అనుమానం ఎవరి మీదో నాకు తెలిసిపోయింది.

“రండి, మిస్టర్ టులిప్,” అన్నాడు మాట్. “తమరికేం కావాలండీ?”

నెడ్ చెంపదెబ్బ తిన్నట్టు వెనక్కి తగ్గాడు. “నేను తియ్యలేదు మాట్. ఒట్టు.”

“తమరు తీశారని నేనన్నానాండీ?”

“శభాష్!” అని అరిచాడు స్నెల్. “ఎంత వినయం! ఈ మనిషి మారిపోయాడు!”

మారిన మనిషిని భూతద్దంలో చూద్దామని రెండడుగులు వెనక్కి వేసి, చేతిబండికి తట్టుకుని, మాట్ పనిముట్ల పాక మీద వెల్లకిలా పడ్డాడు. పుచ్చిన చెక్కలు ఫెళ్ళున విరిగాయి. ఆ కంతలోంచి మాట్ ముద్దుల కుక్క డచెస్ తల బయటపెట్టింది. నోట్లో సగం కొరికిన లీకు, దానికి మాట్ పోటీ గుర్తుగా కట్టిన ఎర్రదారం అలాగే ఉంది.

మాట్ నోరు తెరిచాడు. ఆ తర్వాత వచ్చినదాంట్లో అచ్చుకి పనికొచ్చేవి కుక్క పేరు, స్నెల్ పేరు మాత్రమే. అంతా అయ్యాక నెడ్ వైపు తిరిగాడు.

“నవ్వుతావేంట్రా, దున్నపోతు వెధవా! నీ మూలంగా వారం రోజులు నోరు కట్టుకుని చచ్చాను!”

“నన్ను దొంగనుకున్నావట్రా, ముదనష్టపోడా?”

“నీ మొహం అలా ఏడిసింది మరి. టీ తాగుతావా?”

“తాగక చస్తానా!” అన్నాడు నెడ్. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

స్నెల్ దుమ్ము దులుపుకుంటూ లేచి, “హత్య తప్పింది! నా వ్యూహం ఫలించింది!” అంటూ నడిచొచ్చి మిగిలిన లీకుల మీద నిలబడ్డాడు. స్నేహితులిద్దరూ అతని కాళ్ళ కింద నలిగినవాటిని చూశారు. టోపీలు తీశారు.

“తమరి సాయానికి ఎంతో కృతజ్ఞులమండీ, మిస్టర్ స్నెల్,” అన్నాడు మాట్.

“ఇక దయచేయండి సార్,” అన్నాడు నెడ్.

దారి పొడుగునా స్నెల్ ఛాతీ విరుచుకునే నడిచాడు. “విన్నావా? సార్ అన్నారు, మిస్టర్ అన్నారు! నువ్వు నన్ను ఒక్కసారైనా అలా పిలిచావా?”

“నోరు మూసుకుని ఇంటికి పదరా, అడ్డగాడిదా,” అన్నాను. ఎంతైనా మా ఊళ్ళో అతనికున్న స్నేహితుణ్ణి నేనొక్కణ్ణే.