మా ఇంటి హామ్‌స్ట్రింగ్ మహిమ

"ఒసేయ్, అంత జోరుగా పరిగెత్తకు. ఏ నరమో పట్టేస్తుంది" అన్నాను. స్కూల్లో పరుగు పందేల ప్రాక్టీసుకు బయల్దేరిన మా అమ్మాయి అప్పటికింకా బూట్ల లేసులు కూడా కట్టుకోలేదు. వారం తిరక్కుండా పట్టేసింది. నా నోటి చలవ అనుకోండి.

తిట్టుకుంటే తిట్టుకోండి గానీ, పిల్లల్ని కన్న తల్లికి హామ్‌స్ట్రింగ్‌ను మించిన వరం లేదు!

పదో తరగతితో చదువు ఆపేసిన నాకు ఆ పేరు ఫిజియోథెరపిస్టు నేర్పింది. తొడ వెనక కండరాలకూ, వాటిని మోకాలి దగ్గర ఎముకకు పట్టి ఉంచే తాళ్లకూ కలిపి అదే పేరట. ఇంటికొచ్చి మా ఆయన్ని నిలబెట్టి మోకాలి వెనక తడిమి చూశాను. ఉన్నాయి.

ఆ ఒక్క మాట ఎన్నింటికి పనికొచ్చిందని! సిలిండర్ జరపమంటే మా ఆయనకు హామ్‌స్ట్రింగ్. ఆడపడుచు ఇంటికి వెళ్లాల్సి వస్తే నాకు హామ్‌స్ట్రింగ్. చివరికి ఇల్లు ఊడ్చే ఆవిడ కూడా, "మీ ఇంట్లో అందరికీ ఉన్నదే కదమ్మా, ఇవాళ నాకూ పట్టేసింది" అని చీపురు మూలన పెట్టేసింది.

అన్నిటికన్నా ముఖ్యం, మా అమ్మాయి మూడు వారాలు నా కళ్లముందే ఉంది. రోడ్డు దాటలేదు. చెమటతో చన్నీళ్లు తాగలేదు. నాకు కంటినిండా నిద్ర. ఇంకేం కావాలి?

పాడు కాలు, నయమైపోయింది. రిలే జట్టు ఖాయం చేసే రోజున నేనే కోచ్‌గారికి ఫోన్ చేసి, "ఇంకా కుంటుతోందండీ, రెండో కాలు కూడా లాగుతోందట" అన్నాను. పేరు కొట్టేశారు. ఆ సాయంత్రం నుంచి అది నాతో మాట్లాడలేదు. ఆరు రోజులు.

పూర్వం యుద్ధాల్లో గుర్రాలు మళ్లీ పరిగెత్తకుండా ఆ తాళ్లు కోసేసేవారట. ఆ పనికీ ఇదే పేరని ఫిజియో చెబితే, "ఎంత పాపిష్టివాళ్లో" అని బుగ్గలు నొక్కుకున్నాను. వాళ్లకు కత్తి కావాల్సి వచ్చింది. నాకు ఫోన్ సరిపోయింది.

నిన్న దాని ముందు కంచం పెట్టి చెప్పేశాను. "అబద్ధమాడానే. నువ్వెక్కడ పడిపోతావోనని భయం."

తలెత్తలేదు. అన్నం కలుపుతూనే ఉంది. నేను నీళ్లు పోశాను, గిన్నెలు సర్దాను, సర్దినవే మళ్లీ సర్దాను.

అప్పుడంది. "తెలుసమ్మా. కోచ్‌గారు స్పీకర్లో పెట్టారు. ఆయన పక్కనే రెండు కాళ్ల మీదా నిలబడి విన్నాను. 'మీ అమ్మ సరేనంటేనే నీ పేరు తిరిగి రాస్తాను' అన్నారాయన."

ఫోన్ నా వైపు జరిపింది.

"ఇప్పుడే చెయ్యి. స్పీకర్లోనే మాట్లాడు."