నొప్పి తెలియని కాళ్ల వైభోగం

కాళ్లలో చచ్చుబడిన నరాలను మళ్లీ బతికించాలని శాస్త్రవేత్తలు తెగ కష్టపడుతున్నారట. ఎవరడిగారండీ వాళ్లని? హాయిగా ఉన్నవాళ్ల సుఖం చెడగొట్టడానికి కాకపోతే, ఏమిటా పరిశోధనలు?

నా పాదాలకు స్పర్శ పోయి చాలాకాలమైంది. షుగరు జబ్బు ఇచ్చిన కానుక. నా పేరు తిరుపతి. ఎల్బీ నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు పాఠాలు చెబుతాను, వారానికోసారి ఇలా పత్రికలో మీ బుర్ర తింటాను. ఏదీ తగలకపోవడం ఈ రెండు వృత్తులకూ ఎంత అవసరమో మీకు వేరే చెప్పాలా?

సాయంత్రం పూట దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడి చూడండి. బూట్లు, హైహీల్సు, ట్రాలీ బ్యాగుల చక్రాలు, అన్నీ మన కాళ్ల మీదుగానే ప్రయాణిస్తాయి. మిగతావాళ్లు తిట్టుకుంటారు. నేను చిరునవ్వు నవ్వుతాను. తొక్కినవాడే సిగ్గుపడి సారీ చెప్పి పోతాడు. శాంతం కోసం జనం ధ్యానాలు చేస్తారు, నాకు నరాలు పోగానే వచ్చేసింది!

ఒకసారి మెట్రో మెట్ల మీద ఎడమకాలి చెప్పు జారిపోయింది. నాకు తెలియలేదు. క్లాసులో పిల్లలు ఒకటే నవ్వు. నా పాఠంలో హాస్యం పండిందనుకుని, గంట కొట్టాక కూడా చెప్పాను.

అసలు వైభోగం మాత్రం మొన్న మే నెలలో. మన్సూరాబాద్‌లోని మా కాలనీ గుడి చుట్టూ కొత్తగా నల్ల గ్రానైటు పరిచారు. ఒక మిట్టమధ్యాహ్నం ప్రదక్షిణలకు దిగినవాళ్లంతా గంతులేస్తూ పరుగులు తీశారు. నేనొక్కణ్ణే చేతులు జోడించి, పెళ్లికొడుకులా నింపాదిగా నడిచాను. మా ఇంటి ఓనరు ధనరాజ్ వాళ్లమ్మ సోమమ్మ నీడలో కూర్చుని చూస్తోంది. చూసి చూసి లేచి వచ్చి, వంగి నా కాళ్లకు మొక్కింది.

"గింత భక్తి నేనేడ సూడలే బిడ్డా," అంది.

ఒక షుగరు పేషెంటుకు ఇంతకంటే గౌరవం ఏ శాస్త్రం ఇప్పించగలదు? కళ్లు అరమోడ్చి, ఇంకా కొన్ని చుట్లు తిరిగాను.

ఇంటికొచ్చి సోఫాలో కూర్చున్నాను. గచ్చు మీద తడి అడుగులు చూసి, కాళ్లు కడుక్కుని తుడుచుకోకుండానే వచ్చానని గొణుక్కుంటూ నా భార్య సంతోషి గుడ్డ తెచ్చింది. నేనసలు కాళ్లే కడుక్కోలేదన్నాను. ఆమె ఒక్కో అడుగూ తుడుచుకుంటూ నా దాకా వచ్చి ఆగింది. నా పాదం ఎత్తి చూసింది. ఆమె ముఖం చూశాకే నాకేదో అయిందని తెలిసింది.

అరికాళ్లు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, తోలు లేచిపోయింది.

దవాఖానలో డాక్టరు నన్ను చూడకుండా కాళ్లనే చూశాడు. ఎడమకాలు మానుతుందన్నాడు. కుడికాలి చిటికెనవేలి దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు.

"వేలు ఉంటదా సార్?" అని అడిగింది సంతోషి.

చూద్దామన్నాడు. చూశారు. పుండు లోపలికి దిగింది, వేలు తీసేశారు. ఆ రాత్రి ఆమె భోజనం చేయలేదు. నేను మాత్రం రెండు ఇడ్లీలు తిని, మిగిలిన వేళ్లతో కాపురం చేయవచ్చని ధైర్యం చెప్పాను.

ఆ దవాఖానలోనే నరాల మీద పరిశోధన జరుగుతోంది. రమ్మంటే, కాలమ్‌కు పనికొస్తుందని వెళ్లాను. సాయిప్రియ అనే పరిశోధకురాలు నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగు పాదానికి తగిలినప్పుడల్లా చెప్పమంది. పిల్లలను ఫెయిల్ చేసే చెయ్యి నాది, నేను ఫెయిలవుతానా? లయ తప్పకుండా, పద్యం చదివినట్టు, "తగిలింది... తగిలింది..." అంటూ పోయాను.

"సర్, నేనింకా మొదలుపెట్టలే," అంది.

తర్వాత ఓపికగా వివరించింది. వెన్ను నుంచి కాలివేళ్ల దాకా వెళ్లే నరాలే అన్నిటికంటే పొడుగట. షుగరు ముందుగా వాటి చివళ్లనే ఎండబెడుతుందట. బడంగ్‌పేట్‌లో చివరి ఇంటికి నల్లా నీళ్లు అందనట్టన్నమాట. పోయిన స్పర్శను పూర్తిగా తిరిగి తెచ్చే మందు ఇంకా లేదని, దాని కోసమే ఈ వెతుకులాట అని చెప్పింది. ఎప్పటికి దొరుకుతుందని అడిగాను.

"తెల్వదు సర్. చూస్తున్నం."

తొందరేం లేదమ్మా, నిదానంగా చూసుకోమని పెద్దమనసుతో చెప్పి వచ్చాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం సంతోషి ముక్కాలి పీట మీద కూర్చుని, నా పాదం ఒళ్లో పెట్టుకుని కట్టు మారుస్తుంది. నిన్న అలాగే కూర్చుంది. నేను పేపరు చదువుకుంటున్నాను. పేపరంతా అయిపోయింది, ఆమె మాత్రం లేవలేదు. కట్టు ఇంకా కాలేదా అని పేపరు అడ్డం తీయకుండానే అడిగాను.

"ఎప్పుడో అయింది," అంది.

పేపరు దించి చూశాను. ఆమె రెండు చేతులూ నా పాదం మీదే ఉన్నాయి.

"మరి?"

"ఏం లేదు. ఊకెనే పట్టుకొని కూసున్న."

ఎంతసేపటి నుంచి పట్టుకుందో నా పాదానికి తెలియనే లేదు.

పొద్దున్నే సాయిప్రియకు ఫోన్ చేశాను. ఆ పరిశోధన జర జల్దీ కానియ్యమని చెప్పాను.